చెవి దగ్గర మైకు

టైలరమ్మను ఒకప్పుడు అందరూ నోట్లో నాలుక లేని మనిషి అనేవాళ్ళు. అలాంటిది మూడేళ్ళుగా ఆదివారం వస్తే చాలు, దుకాణం మూసేసి, ఏ హాలుకు పిలిస్తే ఆ హాలుకు వెళ్ళి మాట్లాడుతోంది. ఆమె అడిగేది ఒక్కటే: జైల్లో ములాఖత్ గదికి అడ్డంగా ఉన్న అద్దం తీసేయాలి. ఆమె కొడుకు ఆ అద్దానికి అవతల ఉన్నాడు. నెలకోసారి, పదిహేను నిమిషాలు, ఫోను రిసీవరులో మాట.

ఆ ఆదివారం మైకు చేతికివ్వగానే దాన్ని చెవికి ఆనించుకుని నిలబడింది. ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"అది నోటి దగ్గర పెట్టుకోవాలక్కా," అన్నాడు సభ నడిపే లాయరు.

"తెలుసు తమ్ముడూ. ఇన్ని సభలైనా ఈ చెయ్యి నా మాట వినదు," అని ఆమె జనం వైపు తిరిగింది. "నవ్వితే నవ్వండి. ఇలాంటిది చేతికొస్తే నాకు ముందు వాడి గొంతే కావాలి. ఊరందరికీ చొక్కాలు కుడతాను. నా కొడుకు భుజాలు ఇప్పుడెంత వెడల్పయ్యాయో మాత్రం నాకు తెలీదు."

నవ్వులు ఆగిపోయాయి. సంతకాల కాగితం అన్ని వరుసలూ తిరిగి, నిండిపోయి వచ్చింది.

లాయరు మైకు కోసం చెయ్యి చాపాడు. ఆమె వెంటనే ఇవ్వలేదు. ఇంకోసారి చెవికి ఆనించుకుంది, ఈసారి పొరపాటున కాదు.