మా అత్త హోటలు గడప తొక్కిన రోజు

మేముండేది పులివెందులలో. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. లైనింగు బట్ట, ఫాల్సులు, హుక్కులు, దారాలు పొద్దుటూరులో దొరికినంత బాగా ఇంకెక్కడా దొరకవని మా వీధి ఆడవాళ్ళకు చెప్పి చెప్పి నమ్మించాను. నిజానికి పులివెందులలోనే దొరుకుతాయి. వేంపల్లెకు పోయినా దొరుకుతాయి. కాకపోతే అక్కడ లైనింగు బట్ట కొనుక్కుని పక్క సందులోకి తిరిగితే కారం దోశ ఉండదు.

ఈ అలవాటు పుట్టింటి నుంచి వచ్చింది. మాది జమ్మలమడుగు. చిన్నప్పుడు పండక్కి బట్టలు కొనడానికి మా నాయన మమ్మల్ని పొద్దుటూరుకు తీసుకొచ్చేవాడు. బస్సు దిగగానే మేం బట్టల అంగళ్ళ వైపు లాగితే ఆయన హోటలు వైపు లాగేవాడు. "కడుపు కాల్తాంటే చేతికొచ్చిన గుడ్డ కొనుక్కోని పోతారు. ముందు తినండి" అనేవాడు. ఆ పూట ఏ గౌను కొన్నామో ఒక్కటీ గుర్తులేదు. తిన్నవన్నీ గుర్తున్నాయి.

అందుకే పొద్దుటూరు బజారు నాకు అంగళ్ళ పేర్లతో తెలీదు. బస్టాండు నుంచి బజారులోకి తిరిగే చోట ఒకామె ఉగ్గాని బండి పెడుతుంది. నానిన బొరుగుల్లో పప్పులపొడి కలిపి, మీద రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తుంది. పది దాటితే గిన్నె అడుగు కనిపిస్తుంది కాబట్టి తొలి బస్సు పట్టుకోవాలి. ఇంకాస్త పోతే సుగంధి వేళ్ళ రసంతో చేసే నన్నారి షర్బత్ అంగడి. బంగారు అంగళ్ళ వరస దాటినాక ఎడమచేతి సందులో, రేకుల కింద నాలుగు బల్లలు వేసిన దోశల హోటలు. దానికి బోర్డు లేదు. దోశ మీద ఎర్రకారం పూసి, పప్పులపొడి చల్లి, చెనిక్కాయల, అంటే వేరుశనగల, చట్నీతో ఇస్తారు. నేను నెలకొకసారి ఈ వరసలో ఒక్కటీ వదలకుండా తిని, మిగిలిన సమయంలో లైనింగు బట్ట కొనేదాన్ని.

ఇదంతా మా అత్తకు తెలీదు. తెలియనిచ్చేదాన్ని కాదు. ఆమెది సింహాద్రిపురం దగ్గర పల్లె, గొర్రెల మందలున్న ఇల్లు. "మా అమ్మ పుట్టినప్పట్నుంచి హోటలు గడప తొక్కలేదు" అని మా ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్తాడు. కాఫీ తాగుతున్నవాళ్ళు కప్పు దించి ఆమె వైపు గౌరవంగా చూస్తారు. అలాంటి ఇంట్లో నేను బజ్జీలు తిన్నానని ఎట్లా చెప్పను?

సాయంత్రం ఇంటికి రాగానే ఆమె అడిగేది, "ఏమన్నా తిన్న్యావా పాపా?"

"టీ తాగినా అత్తా."

"అయ్యో, పొద్దన్నుంచి టీ మిందనే ఉండావా!" అని సంగటి ముద్ద ఇంత పెద్దది చేసి పెట్టేది. తినకపోతే అనుమానం వస్తుందని అదీ తినేదాన్ని. పెళ్ళయిన ఆరేళ్ళకు నా జాకెట్లన్నీ నేనే విప్పి కుట్టుకోవాల్సి వచ్చింది. "తిండి లేక పాపం మొగం ఉబ్బిపోయింది" అని ఆమె పక్కింటావిడతో అనడం ఒకసారి నా చెవులారా విన్నాను.

పోయిన ఏడాది ఆమె తమ్ముడు తమ పల్లెలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి మరదలికి చీర పెట్టాలి. "నేను తెస్తాలే అత్తా" అన్నాను.

"వద్దు. నేనే వచ్చి చూస్తా. వాళ్ళ కాడ నాకు మాట రాకూడదు" అంది.

తెల్లవారి లేచేసరికి ఆమె స్టీలు డబ్బాలో పెరుగన్నం, మూతలో మామిడికాయ ఊరగాయ, నంజుకోను రెండు ఎర్రగడ్డలు సర్దుకుని, వైరు సంచి పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. ఇద్దరికీ సరిపోయేంత అన్నం. బస్సులో ముద్దనూరు దాటేదాకా నేను ఒకటే లెక్క వేసుకుంటూ వచ్చాను: బస్టాండులో దిగి, ఉగ్గాని బండి ఉన్న దారి కాకుండా ఇంకో దారిన తీసుకుపోతే ఎవరి కంటా పడకుండా చీర కొనుక్కుని వచ్చేయొచ్చు.

దిగగానే, "ఇట్ల పోదాం రా అత్తా" అన్నాను.

"అది చుట్టు గదా. బజారు ఇట్లుండాది" అని ఆమె సంచి చంకన పెట్టుకుని సూటిగా నడిచింది. ఆమెకు ఆ దారి ఎట్లా తెలుసని అడగాలని నాకు అప్పుడు తట్టలేదు.

ఉగ్గాని బండి ఆమె నన్ను దూరం నుంచే చూసింది. "ఏమక్కా, శానా దినాలకు కనపడితివే! బజ్జీలు రెండా, మూడా?"

నేను వెంటనే వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరినో పిలుస్తున్నట్టు. నా వెనక ఒక ఆవు తప్ప ఎవరూ లేరు.

"నిన్నేనా పిలుస్తాండేది?" అంది అత్త.

"ఎవురో అనుకోని పిల్సింటాదిలే అత్తా."

ఆమె ఆవు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి ముందుకు నడిచింది. నాలుగు అడుగులు వేశామో లేదో షర్బత్ అంగడి ఆయన నన్ను చూసి నవ్వి, పెద్ద గ్లాసు పైకెత్తి చూపించాడు. నేను చీరకొంగుతో మొహం తుడుచుకున్నట్టు దాచుకున్నాను. అత్త ఆ గ్లాసు ఎంతుందో చూసి, సంచి ఇంకో చంకకు మార్చుకుని నడిచింది.

చీరల అంగట్లో పరుపు మీద కూర్చున్నాక కాస్త ఊపిరి తీసుకున్నాను. అదే అంగట్లో నేను ఎప్పుడూ లైనింగు బట్ట కొంటాను. చీరలు చూపించే ఆయనకు నడివయసు. నోట్లో వక్కపొడి, మాట మీద మాట. చీరలు మడతలు విప్పి పరుస్తూ, మా అత్తను మెప్పిద్దామని అనుకున్నాడు కాబోలు, ఇట్లా మొదలుపెట్టాడు.

"పెద్దమ్మా, మీ కోడలు శానా మంచిది. నేను పుట్టి పెరిగింది ఈ ఊర్లోనే. ఆ సందులో అంత మంచి కారం దోశ ఉండాదని నాకే తెల్దు. ఈ యక్క చెప్పినాకనే తెలిసింది. ఇప్పుడు మా అంగట్లో అందరం ఆడికే పోతాండాము."

నేను ముందున్న చీర మడత పెట్టడం మొదలుపెట్టాను. అత్త తల ఎత్తలేదు. "అట్లనా నాయనా. ఆ ఆకుపచ్చది ఇట్లియ్యి" అంది.

తర్వాత ఒక గంటసేపు ఆమె చీరలే విప్పించింది. చీరలు గుట్టపడ్డాయి. ఒక్కొక్కటీ అంచు పట్టుకుని చూస్తోంది, పక్కన పెడుతోంది. ఆ గంటలో నేను ఇంట్లో ఏం చెప్పాలో రకరకాలుగా కూర్చుకున్నాను. డాక్టరు తినమన్నాడని చెప్దామా అనుకున్నాను. ఏ డాక్టరు మిరపకాయ బజ్జీలు తినమంటాడని నన్ను నేనే ప్రశ్నించుకుని మానుకున్నాను.

చివరికి వంకాయ రంగు చీర ఒకటి పొట్లం కట్టించుకుని బయటికి వచ్చింది. నేను అంగడి మెట్ల పక్కన నీడ చూసి, "ఈడ కూచ్చోని అన్నం తిందామా అత్తా?" అన్నాను.

"ఆ సందు యాడుండాది?"

"ఏ సందత్తా?"

"నాకేం చెవుడు ల్యాదు. నడువు."

సందులోకి తీసుకుపోయాను. ఇప్పుడు అక్కడ దోశలు పోసే ఆమె ముందే అత్త నన్ను నాలుగు మాటలు అంటుందని అనుకున్నాను. అత్త మాత్రం గడప దాకా వచ్చి ఆగిపోయింది. లోపల పెనం మీద నీళ్ళు చల్లితే సుయ్యిమని శబ్దం వచ్చింది. ఆమె గడప పక్కన రాతి అరుగు మీద కూర్చుంది.

"నీకు హోటలు పడదు గదా అత్తా. పోదాం పా" అన్నాను.

"పడదని ఎవురు చెప్పిరి?"

"అందరూ చెప్తారు గదా."

"నేను చెప్పినానా?"

ఆలోచించి చూస్తే ఆమె నోటితో ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు.

"మీ ఆయన అప్పుడు చంకలో బిడ్డ" అంది ఆమె, పెనం వైపు చూస్తూనే. "గొర్రెపొట్టేళ్ళు అమ్మేకి మీ మామ, వాళ్ళ నాయన పొద్దుటూరికొస్తాంటే నేనూ వస్తి. అమ్మినాక ఇద్దరూ హోటల్లోకి పోయిరి. నన్ను మూటల కాడ కూచ్చోమనిరి. ఇట్లాంటి అరుగే. లోపల్నించి ఇట్లనే సుయ్యిమని సప్పుడు. కారం వాసన. మీ మామ మూతి తుడుచుకుంటా బయటికొచ్చి, పోదాం పా అనె."

"నీకేం తేలేదా?"

"తేల్యా."

"అడిగింటే తెచ్చేవాడేమో."

"ఆ కాలంలో అడుగుతారా పాపా! ఇంటికి పోయినాక మా అత్త ఊరంతా చెప్పె, మా కోడలు హోటలు గడప తొక్కదు, గడప కాడనే కూచ్చునె అని. ఇంగ అదే పేరు. నీ మొగుడు కూడా అదే పాట పాడతాండాడు. లోపలికి రమ్మని నన్ను ఎవురు పిల్సినారు?"

నేను ఆమె చేతిలోని సంచి తీసుకున్నాను. "రా అత్తా" అన్నాను.

ఆమె లేచి కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చింది. గోడ పక్క బల్ల చూపిస్తే వద్దని, పెనం కనపడే బల్ల దగ్గర కూర్చుంది. కొంగుతో బల్లను రెండుసార్లు తుడిచింది. దోశ వచ్చింది. అంచు తుంచి, చట్నీలో అద్ది, కళ్ళు చిన్నవి చేసుకుని నమిలింది. నేను పరీక్ష రాసి ఫలితం కోసం కూర్చున్నదానిలా చూస్తున్నాను.

"ఎల్లిపాయ తక్కువేసింది" అంది. దోశ అయిపోయాక, "ఇంగోటి చెప్పు" అంది.

రెండోది సగంలో ఉండగా ఆమె పెనం దగ్గరికి పోయింది. దోశలు పోసే ఆమె హోటలు యజమానురాలే, మా అత్త కన్నా పదేళ్ళు చిన్నది. "ఏమ్మే, ఎండుమిరపకాయలు నానబెట్టి నూరుతాండావా, వేయించి నూరుతాండావా?" అని అడిగింది అత్త.

"నానబెట్టే పెద్దమ్మా."

"ఇంగో నాలుగు ఎల్లిపాయలు పడల్ల."

"అట్లయితే నువ్వే ఒకటి పోసి చూపీ!" అని ఆమె నవ్వి గరిటె చేతికిచ్చింది.

మా అత్త వెనక్కి తగ్గే మనిషి కాదు. కొంగు నడుముకు దోపుకుని దోశ పోసింది. అది పెనానికి అతుక్కుని ముక్కలైంది. తింటున్నవాళ్ళు చేతులు ఆపి చూస్తున్నారు. "మీ పెనం నాకు కొత్త గదా" అని ఇంకోటి పోసింది. అది చక్కగా లేచింది. విరిగిన ముక్కలు నా ప్లేటులోకి వచ్చాయి. అప్పటికే రెండు తిన్న నాకు అది మూడో దోశ.

ఈ సందడిలో యజమానురాలి కన్ను మా బల్ల మీద ఉన్న స్టీలు డబ్బా మీద పడింది. "అందులో ఏముంది పెద్దమ్మా?"

"పెరుగన్నం."

"నాకిస్తావా? పొద్దన లేస్తే దోశలు పోసి పోసి ఈ వాసనకే నాకు కడుపు నిండిపోతాది. అన్నం తిని రెండు దినాలైంది."

ఆమె పొయ్యి తగ్గించి, మా అత్త ఎదురుగా కూర్చుని, ఎర్రగడ్డ కొరుక్కుంటూ డబ్బా అంతా ఖాళీ చేసింది. ఊరగాయలో ఉప్పు ఎక్కువైందని కూడా అంది. మా అత్త ఒప్పుకోలేదు. ఇద్దరూ ఉప్పు గురించి వాదించుకుంటుంటే దోశల కోసం వచ్చినవాళ్ళు నిలబడి ఉన్నారు. మా బస్సు పోయింది. మధ్యాహ్నం బస్సు కోసం బస్టాండులో కూర్చున్నప్పుడు అత్త నా వైపు తిరిగి, "ఆరేండ్లు టీ తాగినావు గదే నువ్వు" అని పకపకా నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

ఇంటికి రాగానే మా ఆయనకు ఆమే చెప్పింది. ఆయన నిలబడినవాడు కూర్చున్నాడు. "హోటల్లోనా? నువ్వా?" అన్నాడు. వచ్చినవాళ్ళకు ఇంక ఏం చెప్పుకోవాలా అని ఆయన దిగులు. "నువ్వు ఒక దినమన్నా నన్ను పిల్సినావా?" అని ఆమె అడిగితే మరుసటి ఆదివారం బండి మీద వేంపల్లెకు తీసుకుపోయి దోశ పెట్టించాడు. ఆమె తిని వచ్చి, "దోశ మెత్తగుండాది. కారం తీపిగుండాది. తీసకపోయినాడు, అంతే చాలు" అంది.

గృహప్రవేశంలో వంకాయ రంగు చీర మరదలికి బాగా నచ్చింది. అందరూ చీర గురించి అడిగితే మా అత్త రెండు మాటల్లో ముగించి దోశ గురించి చెప్పింది. ఆమె పుట్టింటి ఆడవాళ్ళు నలుగురు ఆ సందు ఎక్కడో నన్ను వేరుగా పిలిచి అడిగారు.

పోయిన నెల నాకు జ్వరం వస్తే, "నేను పోయి తెస్తాలే" అని మా అత్త ఒక్కతే పొద్దుటూరు బస్సెక్కింది. నేను గులాబీ రంగు లైనింగు బట్ట రాసిచ్చాను. సాయంత్రం డబ్బా నిండా ఎర్రకారం, పొట్లంలో పప్పులపొడి, ఆరు మీటర్ల మెరూన్ బట్టతో దిగింది. "నాకు రెండూ ఒకటే మాదిరి కనపడె" అంది. ఎర్రకారంలో ఎల్లిపాయ సరిగ్గా పడింది. మెరూన్ బట్ట ఇంకా నా మిషను పక్కన అట్లాగే ఉంది. ఎవరికైనా ఆ రంగు జాకెట్టు కావాలంటే చెప్పండి.