ఒకటో నంబరు రాయి

మా అన్నకు రాళ్ల పిచ్చి. నవ్వుతూ అనే పిచ్చి కాదు, వంటింట్లో పప్పు డబ్బాల కంటే హాల్లో రాళ్ల డబ్బాలు ఎక్కువుండే పిచ్చి. నారాయణగూడలో ఒక కాలేజీలో జియాలజీ చెప్పేవాడు. పెళ్లి చేసుకోలేదు. నేను చేసుకుని తిరిగొచ్చేశాను. ఎందుకని అడక్కండి, ఆ గొడవకు ఇక్కడ చోటు లేదు. చిక్కడపల్లిలో మూడో అంతస్తులో కిరాయి ఇంట్లో ఇద్దరం ఇరవై ఏళ్లు ఉన్నాం. నేనింకా ఉన్నాను.

మా ఇంటి పైన మిద్దె. మిద్దె మీద నీళ్ల ట్యాంకు నీడలో ఒక నీలం బకెట్ ఉండేది. మూత మీద ఇటుక. బకెట్ మీద నల్ల మార్కరుతో అన్న రాసిన అక్షరాలు: యాసిడ్, ముట్టొద్దు. అన్న పోయాక ఏడు నెలలు ఆ బకెట్‌ను నేను ముట్టలేదు. మొన్న మా వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టేదాకా.

"అక్కా, మిద్దె మీద ఆ బకెట్ ఏంది? ఎల్లుండి వాటర్‌ప్రూఫింగోళ్లు వస్తున్నరు. అడ్డమున్నదంటే వాళ్లే మోరీల గుమ్మరిస్తరు."

"గుమ్మరిస్తే వాళ్ల కాళ్లే కాల్తయి. ముట్టొద్దని చెప్పన్నా."

"మరి నువ్వే తియ్యరాదు," అన్నాడతను.

మా అన్న నాతో చివరిగా మాట్లాడింది ఆ బకెట్ గురించే. గుండె నొప్పితో మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. రెండో రోజు పొద్దున నన్ను దగ్గరికి పిలిచాడు. ఏదో చెప్పుకుంటాడనుకుని వంగాను.

"చెల్లె, బకెట్ మీద మూత పెట్టిన గని ఇటుక పెట్టిన్నో లేదో యాదికొస్తలేదు. జర చూడు."

నాకు ఒళ్లు మండింది. "పానం మీదికొచ్చి పండుకున్నవు, నీకు బకెట్ రంది పట్టిందా?"

"పదిహేను రోజులైనంక తియ్యాలె. నేను రాకుంటే నువ్వే తియ్యి."

"నువ్వే వచ్చి తీస్తవు. నాకేం పని లేదా?" అన్నాను. నవ్వాడు. మర్నాడు లేడు.

ఇటుక పెట్టే ఉంది. అది చూసి కిందికి దిగొచ్చేశాను. ఆ పదిహేను రోజులూ దినాలతో, వచ్చేపోయే చుట్టాలతో గడిచిపోయాయి. తర్వాతైనా తీసి ఉండొచ్చు. తీయలేదు. నేను తీస్తే అన్న ఇక రాడని నా అంతట నేను ఒప్పుకున్నట్టే కదా. అదొక మొండితనం. దాని కింద భయం కూడా ఉంది. మా అన్న రాయిని నేను ఒకసారి నాశనం చేశాను. ఆఖరి రాయి కూడా నా చేతిలోనే పాడవుతుందేమోనని భయం.

ఆ మొదటి సంగతి చెప్పాలి. ఎనిమిదేళ్ల కింద, దసరాకు ఇల్లు దులుపుతున్నాను. షోకేసులో అరచేయంత నల్లరాయి, దాని మీద కలకండ ముక్కల్లాగా తెల్లని స్ఫటికాలు ఉండేవి. అన్న చదువుకునే రోజుల్లో వికారాబాద్ వైపు ఒక క్వారీలో మొట్టమొదట ఏరుకున్న రాయి. అడుగున వైట్‌నర్‌తో చుక్క పెట్టి, దాని మీద 1 అని అంకె వేసి, చెరిగిపోకుండా నా గోళ్లరంగు పూశాడు. అన్ని రాళ్లకూ ఇట్లాగే నంబర్లు. నా గోళ్లరంగు సీసాలన్నీ వాటికే అయిపోయేవి, పండక్కి పెట్టుకుందామంటే చుక్క మిగిలేది కాదు.

ఆ స్ఫటికాలు మసకబారినట్టు కనిపించాయి. బండి మీద ఫినాయిల్, యాసిడ్ అమ్మేవాడి దగ్గర కొన్న సీసా బాత్రూంలో ఉంది. టైల్స్ తెల్లబడగా లేంది, ఇది తెల్లబడదా అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. రాయిని మగ్గులో పెట్టి, వాసన ఇంట్లోకి రావద్దని బాత్రూం తలుపు కూడా వేసుకుని, సీసా వంచాను. మగ్గంతా బుస్సుమని పొంగింది. కళ్లు మండాయి, ఊపిరాడలేదు, చేతి మీద చిందింది.

అప్పుడే మార్కెట్ నుంచి బంతిపూలతో వచ్చిన అన్న నా దగ్గు విని తలుపు తోశాడు. పూలసంచి అక్కడే పడేశాడు. నన్ను రెక్క పట్టి వంటింటికి లాక్కొచ్చి, నా చెయ్యి కుళాయి కింద పెట్టి పట్టుకున్నాడు. గోడ గడియారం చూస్తూ పావుగంట. చల్లబడింది, చాలు వదులు అంటే వదల్లేదు. ఆ తర్వాతే బాత్రూంలోకి వెళ్లాడు. మగ్గులో తెల్ల స్ఫటికాలు లేవు. ఎర్రమన్ను పట్టినట్టు గోధుమరంగు గరుకు రాయి ఒకటి మిగిలింది.

తప్పైందన్నా అనాలి. నోటిదాకా వచ్చింది. కానీ నా నోరు నా మాట ఎప్పుడు విన్నది గనక. "రాయే కదా!" అన్నాను.

అన్న వెళ్లి పడేసిన బంతిపూలు ఏరుకున్నాడు. నాలుగు రోజులు ఆ ఊసెత్తలేదు. ఆ రాయి ఏమైందో నేను అడగలేదు. పారేసి ఉంటాడనుకున్నాను. ఆ తప్పైంది అనే మాట మాత్రం ఎనిమిదేళ్లు నా గొంతులోనే ఉండిపోయింది. రేపు చెప్దాం, రాఖీ పండక్కి చెప్దాం అనుకుంటూ గడిపేశాను. ఇప్పుడు ఎవరికి చెప్పాలి?

ఐదో రోజు నన్ను మిద్దె మీదికి తీసుకెళ్లాడు. "తెల్వకుంటే నేర్చుకో, గంతే," అన్నాడు. ఏ రాయికైనా ముందు అడుగున, కనబడని చోట ఒక్క చుక్క వెనిగర్ వెయ్యాలి. నురుగొస్తే దాంట్లో సున్నం ఉన్నట్టు, ఇక దానికి యాసిడ్ చూపించకూడదు. పని ఆరుబయటే చెయ్యాలి, గాలి మన వీపు వైపు నుంచి వీయాలి. కళ్లలో చిందకుండా పెద్ద అద్దాలు, మోచేతుల దాకా రబ్బరు గ్లవ్స్, ప్లాస్టిక్ బకెట్. బాత్రూం యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్ దగ్గరికి కూడా రానివ్వద్దు, ఆ రెండూ కలిస్తే వచ్చే పొగ ప్రాణం తీస్తుంది. యాసిడ్‌నే నీళ్లలో కలపాలి, యాసిడ్‌లో నీళ్లు పొయ్యకూడదు. నేను ఇది మర్చిపోతానని, "ఎసట్ల బియ్యం పోస్తవా, బియ్యం మీద ఎసరు గుమ్మరిస్తవా?" అని అడిగాడు. అంతే, మళ్లీ మర్చిపోలేదు.

స్ఫటికాల మీది తుప్పురంగు పోవడానికి అన్న వాడేది బాత్రూం యాసిడ్ కాదు. ఆగ్జాలిక్ యాసిడ్ అని, కోఠిలో రసాయనాలమ్మే కొట్టులో దొరికే తెల్లటి పలుకులు. చూస్తే చక్కెరే అనుకుంటాం, కడుపులోకి పోతే విషం. అందుకే దాన్ని వంటింటి గడప దాటనిచ్చేవాడు కాదు. బోరునీళ్లలో కలిపితే తెల్లటి మడ్డి కడుతుందని ఏసీ నీళ్లు కావాలనేవాడు. ఏసీ నీళ్లు తెచ్చేది నేను. అశోక్ నగర్‌లో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. దాని పైన కోచింగ్ సెంటర్, వాళ్ల ఏసీ గొట్టం సరిగ్గా నా షాపు ముందే కారుతుంది. గ్రూప్స్‌కు చదివే పిల్లలు నోట్సు చదువుకుంటూ నడిచి ఆ తడిలో జారేవాళ్లు. అక్కడ ఒక క్యాను పెట్టాను. నిండగానే ఇంటికి తెచ్చేదాన్ని, అన్న కొబ్బరినీళ్లు తెచ్చినంత సంబరపడేవాడు.

అన్న పోయాక కూడా క్యాను నిండుతూనే ఉంది. పారబోయడానికి చేతులు రాలేదు. ఇంటికి మోసుకొచ్చి బాల్కనీలో పెట్టాను. మర్నాడు ఇంకోటి. ఇప్పుడు బాల్కనీలో బట్టలారేసుకునే జాగా లేదు.

అన్నకు ఇంకో పట్టుదల ఉండేది, చీటీలు. ప్రతి రాయికీ ఒక చీటీ రాసేవాడు: అదేం రాయి, ఎక్కడ దొరికింది, ఎవరికి దొరికింది. మూడోది తప్పనిసరి. ఒకసారి మా షాపు వెనక హాస్టలుకు పునాది తవ్వుతుంటే, పాలమూరు నుంచి కూలికొచ్చిన ఒకావిడ తట్ట దించి అన్నను కేకేసింది. "ఓ రాళ్ల సారూ, ఇగో, ఇది జర మెరుస్తుంది, తీస్కపో!" పలుగురాయి ముక్క. అన్న అక్కడికక్కడే చీటీ తీసి, దొరికింది ఎవరికి అన్న చోట ఆవిడ పేరు, ఊరి పేరు రాసి చదివి వినిపించాడు. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "కడిగింది నువ్వు, అలమర్ల పెట్టేది నువ్వు, ఆమె పేరెందుకు?" అని నేను దెప్పితే, "కడుగుడు ఎవలైనా కడుగుతరు. దొరికినోళ్లదే రాయి," అన్నాడు.

వాచ్‌మన్ చెప్పిన మర్నాడు షాపు తెరవలేదు. క్యాన్లు ఒక్కొక్కటే మిద్దె మీదికి మోశాను. నాలుగో క్యానుకు మోకాళ్లు పట్టేశాయి, వాచ్‌మన్ జాలిపడి మిగతావి మోశాడు. అతన్ని దూరంగా మెట్ల దగ్గరే ఉండమన్నాను. గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకున్నాను. అన్న గ్లవ్స్ నాకు వదులు, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు వేశాను. అన్న పెద్ద అద్దాలు పెట్టుకుంటే లోపల నా చదివే అద్దాలు పట్టవు. తీసి జేబులో పెట్టుకున్నాను.

ఇటుక తీశాను. దాని కింద ప్లాస్టిక్ కవర్లో మడిచిన చీటీ ఉంది. అద్దాల్లేకుండా అక్షరం కనబడదు. పక్కన పెట్టాను. మూత తీస్తే లోపల నీళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి, అడుగేమీ కనబడటం లేదు. పదిహేను రోజుల రాయిని ఏడు నెలలు నానబెట్టాను. ఏం మిగిలిందో, ఏం పోయిందో. "అన్నా, ఈసారి ఖరాబు కాకుండా చూడు," అని పైకే అన్నాను.

ప్లాస్టిక్ జల్లిగంటెతో మెల్లగా పైకి తీసి, పక్కన ఏసీ నీళ్ల బకెట్లోకి దించాను. అప్పుడే దాన్ని చూడాలనిపించింది, కానీ అన్న చెప్పిన వరుస తప్పొద్దు. యాసిడ్ విరగడానికి నీలం బకెట్లో వంటసోడా ఒక్కో చెంచా వేస్తూ పోయాను. బుస్సుమని పొంగింది, తగ్గింది, మళ్లీ పొంగింది. ఎంత వేసినా పొంగనిదాకా వేసి, బోలెడన్ని నీళ్లు కలిపి మోరీలో వదిలాను. రాయిని రెండు నీళ్లు మార్చి కడిగాను. చేతులు కడుక్కున్నాకే కళ్లద్దాలు మార్చుకున్నాను.

రాయి నిండా సన్నని స్ఫటికాలు, సూదిమొనల్లాగా నిలబడి, నీళ్లలో తళతళలాడుతున్నాయి. ఒక మూల మాత్రం పసుపు మరక మిగిలింది, నా ఏడు నెలల పుణ్యం అది. ఇంత మంచి రాయి ఎక్కడ సంపాదించాడు, నాకు చూపించనేలేదే అని కొంచెం కోపమొచ్చింది. తిప్పి చూశాను. అడుగున నల్లరాతి మీద తెల్ల చుక్క, దాని మీద నా గోళ్లరంగు. లోపల 1.

రాయిని ఒళ్లో పెట్టుకుని ట్యాంకు గట్టు మీద కూర్చున్నాను. తెల్ల స్ఫటికాలు సున్నం జాతివి, వాటిని నా యాసిడ్ తినేసింది. వాటి కింద ఇవి ఉన్నాయి. ఇవి పలుగురాయి, యాసిడ్‌కు లొంగవు. ఆ రోజు మగ్గులో గోధుమరంగు గరుకు అని నేను చూసింది వీటి మీది తుప్పునే. అన్న దాన్ని పారెయ్యలేదు. ఎనిమిదేళ్లు ఎక్కడ దాచాడో, ఇన్నేళ్లు ఎందుకు ఆగాడో తెలియదు. అడుగుదామంటే మనిషి లేడు.

చీటీ విప్పాను. అన్న అక్షరాలే, గుండ్రంగా.

రాయి: పలుగు స్ఫటికం.
దొరికిన చోటు: మా బాత్రూం.
దొరికింది ఎవరికి: చెల్లెకు.

మొదట నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. తప్పైందన్నా, తప్పైందన్నా అని ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. ఎనిమిదేళ్లుగా రాని మాట అప్పుడు ఆగకుండా వచ్చింది. ఒక్కసారి, బతికుండగా, వంటింట్లో టీ పోస్తూనైనా అని ఉంటే ఏం పోయేది నాకు?

మెట్ల దగ్గర నుంచి వాచ్‌మన్ గాబరాగా పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందక్కా, చేతుల మీద పడ్డదా?"

తల అడ్డంగా ఊపాను. అతను బకెట్లోకి తొంగి చూశాడు.

"రాయే కదక్కా. గింతదానికి ఏడుస్తరా?"

"నాకు దొరికిందన్నా ఇది," అన్నాను.