చంద్రుణ్ణి వెతుక్కుంటూ బందరు రోడ్డు మీద

ముందే ఒప్పుకుంటే ఒక పని అయిపోతుంది. నేను ఏ సంగతి చెప్పినా అందులో కాస్త కలుపుతాను. పాలల్లో నీళ్ళు కలిపే రకం కాదు నాది, నీళ్ళల్లో పాలు కలిపే రకం. మా ఇంట్లో అందరికీ ఇది అలవాటైపోయింది. వాకిట్లోంచి నేను "పదిమంది వచ్చారు" అని కేకేస్తే మా ఆవిడ ముగ్గురికి కాఫీ పెడుతుంది. ఆ కాఫీ వచ్చినవాళ్ళకి సరిగ్గా సరిపోతుంది. కాబట్టి చదివేవాళ్ళు కూడా ఎవరి తరుగు వాళ్ళు తీసుకుని చదువుకోవాలని మనవి.

మొన్న అట్లతద్ది నాడు పొద్దుగూకే వేళ హైదరాబాదు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. అక్కడ మబ్బు పట్టిందట. "అమ్మా, చంద్రుడు కనబడకపోతే ఏం చెయ్యాలి?" అని దాని ప్రశ్న. మా ఆవిడ "మీ నాన్ననడుగు" అని ఫోన్ నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెళ్తూ నవ్విందని నా అనుమానం. "నువ్వు చంటిపిల్లగా ఉన్నప్పుడు మీ అమ్మ చంద్రుణ్ణి వెతకడానికి నిన్ను ఒళ్ళో వేసుకుని కారులో బయల్దేరిందే" అని నేను అందుకోగానే, "నాన్నా, మళ్ళీ మొదలుపెట్టావా" అని అది ఫోన్ పెట్టేసింది. దానికి చెప్పలేకపోయింది మీకు చెబుతున్నాను.

అవి డెబ్బయిల నాటి రోజులు. పటమటలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. వంటిల్లు ఎంత ఉండేదంటే, మా ఆవిడ లోపలుంటే పోపు బయట పెట్టుకోవాల్సి వచ్చేది. అప్పుడామెకు ఇరవై ఒకటో, ఇరవై రెండో. ఒళ్ళో ఏడు నెలల ఆడపిల్ల. పిల్లని చూసుకోవడానికి కూచిపూడి పక్కనున్న మా ఊరి నుంచి మా అమ్మ వచ్చింది. మా నాన్న చేలు వదిలి రాలేదు. పెరట్లో ఈ చివర నుంచి ఆ చివరకు కట్టిన తాళ్ళ మీద పొత్తిగుడ్డలు రెపరెపలాడుతుంటే, దారిన పోయేవాళ్ళు అదేదో కొత్త పార్టీ ఆఫీసనుకుని, జెండా రంగేమిటో అంతుపట్టక కాసేపు నిలబడి వెళ్ళేవారు. పిల్లకి మా అమ్మ స్నానం చేయించడం ఒక పెద్ద కార్యక్రమం. నూనె మర్దన, నలుగు, కాగులో వేణ్ణీళ్ళు, చివర సాంబ్రాణి. ఆ పొగకి వీధిలోవాళ్ళు బిందెలతో పరిగెత్తుకొచ్చిన సందర్భాలున్నాయి. పొగ తేరుకున్నాక చూస్తే లోపల పిల్ల బోసినవ్వు నవ్వుతూ ఉండేది, పెద్దవాళ్ళం దగ్గుతూ ఉండేవాళ్ళం.

వానలు వెనకబట్టి ఎండకి పొగరు తగ్గే ఆ రోజులంటే మా ఆవిడకి ప్రాణం. దసరా వెళ్ళిపోతుంది, దీపావళి ఇంకా రాదు. కాలవలో ఎర్రనీళ్ళు తేరుకుని, వంగి చూస్తే ముఖం కనిపిస్తుంది. పొద్దున్నే చల్లటి గాలి వచ్చి దుప్పటి కొసని లాగుతుంది. బజార్లోకి సీతాఫలాలు దిగుతాయి. సీతాఫలం తినడానికి డబ్బుకన్నా తీరిక ముఖ్యం. చంటిపిల్ల తల్లికి తీరిక ఎక్కడిది? పిల్ల నిద్రపోయిన ఆ కాసేపట్లో పెరటి మెట్టు మీద కూచుని, కాయ రెండుగా విప్పి, ఒక్కొక్క తొనా నోట్లో వేసుకుని, గింజ నున్నగా అయ్యేదాకా చప్పరించి, మందారపు మొక్క మొదట్లోకి ఊదేది. ఆ మొక్క చుట్టూ తర్వాత సీతాఫలపు అడవి మొలిచిందనీ, మేం దారి చేసుకుని నడవాల్సి వచ్చిందనీ నేను చాలామందికి చెప్పాను. రెండు మొలకలు వచ్చిన మాట మాత్రం వాస్తవం.

అన్నిటికన్నా పెద్ద సంబరం అట్లతద్ది. చల్లపల్లి దగ్గర తన పుట్టింట్లో చిన్నప్పుడే ఆ నోము పట్టింది. ఆ ఏటితో పదేళ్ళు నిండుతాయి, నోము తీరినట్టు. మధ్యలో ఒక్క ఏడు తప్పితే మళ్ళీ మొదటికి రావాలి. ముందు రోజు సాయంత్రం రెండు చేతులకీ గోరింటాకు పెట్టుకుని, మోచేతుల దాకా గాల్లో పెట్టుకుని కూచుంది. పిల్లని నా మీద పడేశారు. ఆ పూట నేను మార్చిన గుడ్డలకి పటమటలో నీళ్ళు చాలక కాలవ మట్టం తగ్గింది. మర్నాడు చుక్క పొడవగానే లేచి గోంగూర పచ్చడితో, గడ్డపెరుగుతో చద్దన్నం తిన్నది. వెలుగు వచ్చాక ఇంటివారి మామిడిచెట్టుకు వేసిన ఉయ్యాలెక్కింది. కొమ్మ కిర్రుమంటుంటే, జడ ఒకవైపు, నవ్వు ఒకవైపు ఎగురుతుంటే, నా చంకలోని పిల్ల తల్లిని చూసి, ఈవిడెవరో తనకన్నా చిన్నపిల్లలా ఉందే అన్నట్టు నోరు తెరిచింది. ఉయ్యాల పైకి వెళ్ళినప్పుడు ఆమెకి కృష్ణ అవతలి ఒడ్డు కనిపించేదని నా లెక్క.

ఆ తర్వాత మొదలైంది గొడవ. ఇక చంద్రుణ్ణి చూసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. మా అమ్మ అడ్డం తిరిగింది. అసలు మా అమ్మ రాహుకాలం చూసుకోకుండా ఆనపకాయ కూడా కోసేది కాదు. అలాంటి మనిషి కోడల్ని తినమని, కోడలేమో తిననని. ఏ ఇంట్లోనైనా ఇది తిరగేసి జరుగుతుంది.

"పాలిచ్చే తల్లివి, నీకు ఉపవాసమేంటే? గౌరీదేవి మాత్రం పిల్లల తల్లి కాదా, ఆవిడకి తెలీదూ?"

"ఇది పదో ఏడు అత్తయ్యగారూ. ఇదొక్కటీ దాటిస్తే అయిపోతుంది. తప్పితే మళ్ళీ ఒకటి నుంచీ లెక్కపెట్టుకోవాలి."

"లెక్కపెట్టుకో, నాదేం పోయింది. అప్పటికి నీ కూతురికి కూడా వయసొస్తుంది, ఇద్దరూ కలిసి చేసుకుందురుగాని."

పగలంతా ఎండ కాసింది. అట్లు పోయడం మొదలుపెట్టేసరికి తూర్పున ఒక మబ్బు లేచింది. అట్లు అయ్యేసరికి పటమట మీద ఆకాశం తడి గోనెపట్టా కప్పినట్టయింది. చంద్రోదయం వేళ దాటిపోయింది. మా అమ్మ పంచాంగం పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"టైమైంది. మబ్బు వెనకాలే ఉన్నాడుగా, ఎక్కడికి పోతాడు? తిను."

"ముఖం చూడందే ముద్ద ముట్టకూడదని మా అమ్మమ్మ చెప్పింది."

"మీ అమ్మమ్మ స్వర్గంలో ఉంది. ఆవిడకి మబ్బు అడ్డం రాదు. కిందున్నవాళ్ళ సంగతి నేను చెబుతున్నా." తర్వాత నావైపు తిరిగింది. "ఏరా, నువ్వైనా చెప్పవేంరా?"

ఇద్దరు చెప్పేదాంట్లోనూ న్యాయం ఉందన్నాను. ఇద్దరూ కలిసి ఒకేసారి చూసిన ఆ చూపుకి గోడకి ఆనుకున్నవాణ్ణి గోడలోకి రెండంగుళాలు దిగాను. అప్పుడే పిల్ల ఏడుపందుకుంది. మా ఆవిడ పాలిచ్చింది, పిల్ల కాసేపు తాగి మళ్ళీ ఏడ్చింది. ఆ ఏడుపులో నేనేమీ కలపడం లేదు. పిల్లకి చాలడం లేదని మాకందరికీ అర్థమైంది. మా ఆవిడకి ఇంకా ముందే అర్థమైంది. తూర్పు వైపు చూస్తూ నిలబడింది. తెల్లారేదాకా అలాగే నిలబడుతుందని ఆ నిలబడడంలోనే తెలిసింది.

ఏడుపు విని ఇంటివారు బయటికొచ్చారు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయిన పెద్దాయన. క్రైస్తవులు. ఆదివారం చర్చికి, మిగతా రోజులు స్టేషనుకి వెళ్ళి ఏ బండి ఎంత ఆలస్యమో కనుక్కుని వచ్చేవారు.

"ఏంటమ్మాయ్, బండి లేటా?"

"ఇంకా రాలేదండీ గార్డుగారూ."

"రాకపోవడం ఉండదమ్మా. టైముకి బయల్దేరే ఉంటాడు. ఎక్కడో సిగ్నల్ దొరక్క ఆగుంటాడు. తూర్పునుంచేగా రావడం? మనమే ఎదురెళ్దాం. కారు తీస్తాను."

లోపల్నించి వాళ్ళావిడ గొంతు వినిపించింది. "ఆ కారు గేటు దాటితే నేను కూడా ఉపవాసముంటాను."

గార్డుగారి కారు అన్ని భాగాలూ విడివిడిగా ప్రయాణం చేసే రకం. వీధి వీధంతా వెనక నుంచి తోసింది. ఆయన టోపీ పెట్టుకుని, అలవాటు తప్పక జేబులోంచి ఈల తీసి ఊదాకనే కారు కదిలింది. వెనక సీట్లో మా అమ్మ ఒళ్ళో అట్లు, బియ్యప్పిండీ కొబ్బరిపాలూ బెల్లమూ వేసి కాచిన తిమ్మనం పెట్టిన క్యారేజీ. పక్కన పిల్లతో మా ఆవిడ, కిటికీలోంచి ముఖం బయటపెట్టి. ముందు సీట్లో నేను, తలుపు ఊడిపోకుండా పట్టుకోవడం నా డ్యూటీ.

బందరు రోడ్డు, పక్కనే నిండుగా కాలవ. ఊరు దాటగానే పొట్టమీదున్న వరి వాసన కారులోకి వచ్చి మాతోపాటు కూచుంది. కానూరు వెళ్ళాం, మబ్బు. పెనమలూరు వెళ్ళాం, మబ్బు. కంకిపాడులో గార్డుగారు సోడాకొట్టు ముందు ఆపి, "ఏమయ్యా, ఇటు చంద్రుడు కనపడ్డాడా?" అనడిగారు.

"లేదండీ. బందరెళ్ళే బస్సులో చూడండి, అటే పోయుంటాడు."

అలా చంద్రుడి కోసం ఊరూరా వాకబు చేస్తూ, ఉయ్యూరు దాటాం. పాతకాలంలో రాజులు కూడా దండయాత్రకి ఇంత దూరం వెళ్ళి ఉండరు. మా ఆవిడ కిటికీలోంచి ముఖం లోపలికి తెచ్చుకుని తల వెనక్కి వాల్చింది. పిల్ల ఏడవడం మానేసి తల్లి కొంగు చప్పరిస్తోంది. మా అమ్మ తిట్టడం కూడా మానేసింది. దానికి నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది. అక్కడే, కాలవ మీద చిన్న వంతెన పక్కన, కారు ఒకసారి నిట్టూర్చి ఆగిపోయింది.

దిగి చూశాం. అప్పుడు చిరిగింది మబ్బు, పాత పంచె చిరిగినట్టు నిలువునా. ఆ చిరుగులోంచి చంద్రుడు వచ్చాడు. ఒక అంచు ఎవరో తుంచుకు తిన్న అట్టులా, చిల్లులతో సహా. కాలవలో ఇంకొకడు పడ్డాడు. ఆ వెలుగుకి తెల్లారిందనుకుని కొంగలు లేచి చేలల్లోకి పనికి వెళ్ళిపోయాయి. గార్డుగారు ఆ వెన్నెల్లోనే పాత టైంటేబుల్లో చిన్నక్షరాలు చదివి చూపించారు. మా ఆవిడ దణ్ణం పెట్టుకుంది. వంతెన గట్టు మీద కూచోబెట్టి, మా అమ్మ క్యారేజీ విప్పి, అట్టు తుంచి తిమ్మనంలో ముంచి, కోడలి నోట్లో పెట్టింది. తర్వాతి అట్లు మా ఆవిడ తనే తిన్నది. ఎన్ని తిన్నదీ చెప్పను. చెప్పినా మీరు నమ్మరు, చెబితే ఆవిడ ఊరుకోదు.

ఇప్పుడు ఇందులో ఏది నేను కల్పించానో చెప్పాలి. అందరూ కారు కల్పన అనుకుంటారు. కాదు. సోడాకొట్టు జవాబు, ఈల, టోపీ, ఉయ్యూరు దాటడం, అన్నీ జరిగినవే. నేను కల్పించింది చంద్రుణ్ణి.

ఆ సాయంత్రం మబ్బు చిరగలేదు. పల్చబడను కూడా లేదు. కారు దిగాక మా అమ్మ తూర్పు వైపు కాసేపు చూసి, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా, "అదిగో, వచ్చాడు. చూడు" అంది.

నేను చూశాను. నల్లగా ఉంది. "ఎక్కడమ్మా?"

"నీకు కళ్ళజోడు మార్చాలిరా. పక్కకి జరుగు."

మా ఆవిడ మా అమ్మ వేలు చూపించిన వైపు చాలాసేపు చూసింది. తర్వాత మా అమ్మ ముఖం వంక చూసింది. మళ్ళీ ఆకాశం వైపు తిరిగి చేతులు జోడించింది. "చూశానత్తయ్యగారూ" అంది.

గార్డుగారు టోపీ తీసి చేత్తో పట్టుకుని, "నేనూ చూశానమ్మా. ఆదివారం చర్చిలో నా సంగతి నేను చెప్పుకుంటాలే" అన్నారు.

ఈ మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మా అమ్మ పోయిన మరుసటి ఏడు, ఒక పూట మా ఆవిడ మామూలుగా ఉన్నప్పుడు చూసి అడిగాను. "ఆవేళ నీకు నిజంగా కనిపించాడా?"

"మీకేం తెలుసు?" అంది. "ఆ రోజు అత్తయ్యగారు కూడా ఏమీ తినలేదు. మధ్యాహ్నం మీరు ఆఫీసులో ఉంటే, కంచం పెట్టుకున్నట్టే పెట్టుకుని, అన్నం తిరిగి గిన్నెలో వేసేసి మూతపెట్టారు. నేను చూడలేదనుకున్నారు. నేను తింటేగానీ ఆవిడ తినరు. పెద్దావిడ, అంత రాత్రిదాకా పస్తు. ఇంకా చూడలేదని ఎలా అంటాను?"

"మరి నోము?"

"తీరింది" అని లేచి వెళ్ళి స్టవ్వు మీద పాలు దించుకుంది.

తర్వాత ఎన్నో పున్నములు కళ్ళారా చూశాను, చూసినవి చూసినట్టే మర్చిపోయాను. ఆ సాయంత్రం రాని చంద్రుడు మాత్రం ఏడాదికింత పెరుగుతూ వస్తున్నాడు.