సుద్దముక్క జట్టు

పోలయ్య మావ మా రైలింజన్ల షెడ్డులో కాల్‌మన్. రైల్వే సంగతులు తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఏ బండి ఇంజన్లో బొగ్గు వేయడానికి ఏ ఫైర్‌మన్ ఎక్కాలో రాసిన పుస్తకం చంకన పెట్టుకుని, క్వార్టరు క్వార్టరుకీ తిరిగి, తలుపు కొట్టి సంతకం పెట్టించుకోవడం కాల్‌మన్ పని. మనిషి దొరక్కపోతే పుస్తకంలో ‘ఇంట్లో లేడు’ అని రాసి, జాబితాలో తర్వాతవాడి తలుపు కొట్టాలి. పండగలప్పుడు ఫైర్‌మన్లు మంచం కింద దూరడం, పెళ్లాలు వాకిట్లో నిలబడి లేడని చెప్పడం మా కాలనీలో మామూలే. మిగతా కాల్‌మన్లు నవ్వుకుని రాసేసేవారు. ఇరవై రెండేళ్ల నౌకరీలో ఆ మాట ఒక్కసారీ అబద్ధంగా రాయలేదని పోలయ్య మావకి మహా గొప్ప. మాకు మహా చిరాకు.

అంత నిక్కచ్చి మనిషికీ ఒక పిచ్చి ఉండేది. ఫుట్‌బాల్. ఆడటం కాదు, ఆడించడం. ఏటా వానాకాలంలో మా రైల్వే క్లబ్బు, అంటే ఇన్‌స్టిట్యూట్ మైదానంలో లీగు జరిగేది. రైలు పనికని హిందీ ఊరికి వలసొచ్చిన తెలుగువాళ్లం మేం, అందుకే మా జట్టు పేరు తెలుగు లెవెన్. నేను, అంటే ఫిట్టర్ జగన్నాథం, లెఫ్ట్ బ్యాకు. తొమ్మిదేళ్లుగా రెండో డివిజన్లోనే పడి ఉన్నాం.

ఇన్‌స్టిట్యూట్ వరండాలో ఒక బోర్డు ఉండేది. మొదటి డివిజన్ జట్ల పేర్లు పైన పెయింటుతో రాసి ఉండేవి. రెండో డివిజన్ వాళ్లకి కింద నల్ల చెక్క, ఎవరి పేరు వాళ్లు సుద్దముక్కతో రాసుకోవాలి. జల్లు కొడితే చెరిగిపోయేది. చెరిగినప్పుడల్లా పోలయ్య మావ డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వెళ్లి మళ్లీ రాసేవాడు. అందరూ ఇంగ్లీషులో రాసుకుంటే మాది తెలుగులో. ఒకసారి నేను రాస్తే గీత వంకర పోయిందని పంచె చెంగుతో తుడిచేశాడు మహానుభావుడు!

“ఈ ఊల్లో మన అచ్చరం ఇంకెక్కడున్నాదో సూపించు,” అనేవాడు. “ముప్పయ్యేల్లయింది మనవొచ్చి. బొగ్గు మనవే ఏస్తన్నాం, ఇంజను మనవే తోల్తన్నాం. ఇంకా మదరాసీ, మదరాసీ అంతారేటి? ఆ పైన మన పేరు పడనీ, అప్పుడు సెప్తాను.”

మొదటి డివిజన్‌కి వస్తే మీ అక్షరాల్లోనే పెయింటు వేయిస్తానని ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ ఒప్పుకున్నాడు. అది విన్న రోజు పోలయ్య మావ కాలనీ అంతా జిలేబీలు పంచిపెట్టాడు.

ఇంకో పట్టుదల కూడా ఉండేది, దానితోనే వచ్చింది తంటా. జట్టులో మనవాళ్లే ఉండాలట. మనవాళ్లంటే మళ్లీ అందరు తెలుగువాళ్లూ కాదు. విజయనగరం, బొబ్బిలి, చీకాకోలు. అంతే. గోల్‌కీపర్ గోవిందరావుది రాజమండ్రి అని ఏడాది పాటు బయట కూర్చోబెట్టాడు. “గోదారోల్లకి మాటలెక్కువ,” అన్నాడు. ఇక సుఖ్‌రామ్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

సుఖ్‌రామ్‌ది బెల్తరా, అక్కడికి దగ్గర పల్లె. షెడ్డులో బొగ్గు ఎత్తే ఖలాసీ, ఇద్దరు పిల్లల తండ్రి. మాతో మసిలి తెలుగు బాగానే పట్టుకున్నాడు, మావని మాత్రం వాళ్ల మాటలో ‘కకా’, అంటే బాబాయి అనేవాడు. రెండేళ్లుగా రోజూ సాయంత్రం మైదానానికి వచ్చేవాడు. బంతులు పెట్టుకునే సంచీ వాడే మోసేవాడు, ఆ సంచీ మీద పోలయ్య మావ స్వయంగా సిరాతో రాసిన ‘తెలుగు లెవెన్’. గోలు వెనక నిలబడి, పోయిన బంతిని ఉత్తికాలితో తంతే మైదానం మధ్యకి వచ్చి పడేది. వాణ్ణి ఆడిద్దాం మావా అని నేనే ఎన్నోసార్లు అన్నాను.

“మంచోడే, కాదన్ను. కానీ మనోడు కాదు,” అనేవాడు పోలయ్య మావ. అక్కడితో సరి.

పందొమ్మిది వందల ముప్పై ఆరులో, ఆగస్టులో ఒక ఆదివారం. ఆఖరి ఆట రైలు పెట్టెలు బాగుచేసే క్యారేజీ విభాగం జట్టుతో. గెలిస్తే పైకి వెళ్తాం, డ్రా అయితే లేదు. మా బలమంతా ఫైర్‌మన్ నూకరాజు. ఆ ఏడు మేం కొట్టిన గోల్సులో సగం వాడివే. మధ్యాహ్నం నేను వాళ్లింట్లోనే భోంచేస్తున్నాను. వాళ్లమ్మ అచ్చియమ్మ చేపల పులుసు వడ్డిస్తోంది. అప్పుడు వినబడింది కేక.

“నూకరాజూ! డ్యూటీ! మూడు గంటలకి, కట్నీ గూడ్సు!”

నా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. అచ్చియమ్మ గరిటె పట్టుకునే వాకిట్లోకి వెళ్లింది.

“మావోడు ఇంట్లో నేడు తమ్ముడూ. తెల్లారే ఎటో ఎల్లిపోనాడు,” అంది.

పోలయ్య మావ గుమ్మంలోంచి లోపలికి చూశాడు. నూకరాజు పీట మీద కూర్చుని బూట్లకి గ్రీజు రాస్తున్నాడు.  ఒక్క ముక్క రాస్తే చాలు. ఆయన తొమ్మిదేళ్ల కోరిక ఆ రాతలో ఉంది. పెన్సిలు తీశాడు. పుస్తకం తెరిచాడు.

“నూకరాజు తర్వాత ఎవులో తెల్సా అప్పా?” అన్నాడు చివరికి. “ఎర్రయ్య. పద్నాలుగ్గంటలు బొగ్గేసి పొద్దున్నే దిగినాడు. కన్ను మూసి ఆరుగంటలు కానేదు. ఆడిని లేపి కొండ ఘాటు ఎక్కించమంతావా?”

“ఎర్రయ్య మీదున్న జాలి మా మీద నేదేట్రా! నువ్వూ ఓ మడిసివేనా?” అని అచ్చియమ్మ గరిటె నేలకేసి కొట్టింది.

నూకరాజు లేచి వచ్చి సంతకం పెట్టాడు. ఆ అక్షరాల మీద వాడి కన్నీళ్లు పడ్డాయి. నాకు ఒళ్లు మండిపోయింది. “నీ పుస్తకం నువ్వే నెత్తిన పెట్టుకుని ఊరేగు మావా!” అని అరిచి వచ్చేశాను.

మైదానంలో పదిమందిమే తేలాం. రిజర్వులో ఉన్న ఇద్దరూ ఫైర్‌మన్లే, ఇద్దరూ బండి మీదున్నారు. ఆట మొదలవబోతుంటే పోలయ్య మావ రొప్పుకుంటూ వచ్చాడు. తిన్నగా గోలు వెనక్కి వెళ్లి సుఖ్‌రామ్ ముందు నిలబడ్డాడు.

“ఆడతావేట్రా?”

సుఖ్‌రామ్ సంచీ కింద పెట్టాడు. “కకా, మాది బెల్తరా. విజినగరం కాదు,” అన్నాడు. కోపంగా అనలేదు. అనుంటే మావకి ఇంకా సులువయ్యేది.

“ఎరికే,” అన్నాడు మావ తల దించుకుని. “రా నాయనా.”

అబ్బ, ఏం పరిగెత్తాడండీ! ఉత్తి కాళ్లతో ఆ బురదలో క్యారేజీ వాళ్లని తిప్పి తిప్పి వదిలాడు. సగం ఆటకి ఒకటి ఒకటి. మా గోలుకి బంతి అందించింది వాడే. ఇక రెండు నిమిషాలు ఉన్నాయనగా నేను ఎత్తి కొట్టిన బంతి వాడి కాళ్ల దగ్గర పడింది. ఒక్క తన్ను. వల అదిరింది. కాలనీకి కాలనీ గోల పెట్టింది. పోలయ్య మావ మా గోలులోకి ఉరికి గోవిందరావుని వాటేసుకున్నాడు.

రిఫరీ విజిల్ ఊది చెయ్యెత్తాడు. ఆఫ్‌సైడ్. బంతి రాకముందే అవతలి బ్యాకుల్ని దాటి నిలబడ్డాడట, గోలు చెల్లదు.

సుఖ్‌రామ్ నా మొహంలోకి చూశాడు. “ఏమైంది భయ్యా? నేను ఏం తప్పు చేశాను?” అన్నాడు. వాడికి ఆ మాట అర్థమే తెలియదు. రెండేళ్లు మా బంతులు మోశాడు, ఎక్కడ నిలబడాలో మాలో ఒక్కడూ చెప్పలేదు.

ఒకటి ఒకటితో ఆట ముగిసింది. కాలనీ పోలయ్య మావతో మాట్లాడటం మానేసింది. అచ్చియమ్మ ఆయన్ని చూస్తే తలుపేసుకునేది. నాకూ కోపం తగ్గలేదు. అయినా మూడో రోజు ఆయనే నా దగ్గరికి వచ్చాడు.

“అందరూ పుస్తకాన్ని తిడతన్నారు జగన్నాథం. పుస్తకం ఏటి సేసింది? ఆ గోలు నానే తీసీసినాను. ఆడిని ఆడనిచ్చుంతే ఆడికి అన్నీ తెలిసుండును.”

 నిజమే మరి.

ఆ వారం వాన విడవకుండా కురిసింది. బోర్డు మీద అన్ని పేర్లూ చెరిగిపోయాయి. మిగతా జట్ల వాళ్లు వచ్చి రాసుకున్నారు. పోలయ్య మావ మాత్రం కదల్లేదు. తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. “ఏ మొకం పెట్టుకుని రాయనురా,” అన్నాడు. కోపం ఉన్నా ఆ మాటకి నాకు భయం వేసింది. ఆయన చెయ్యి పట్టుకుని ఇన్‌స్టిట్యూట్‌కి లాక్కెళ్లాను.

వరండాలో సుఖ్‌రామ్ స్టూలెక్కి నిలబడి ఉన్నాడు. చంకలో బంతుల సంచీ. ఒక్కో గీతా సంచీ మీద చూసుకుంటూ బోర్డు మీదికి ఎక్కిస్తున్నాడు. వాడికి ఏ భాషలోనూ చదువు రాదు. అక్షరాలు కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి, ఒకటైతే పక్కకి పడుకుంది. మమ్మల్ని చూసి దిగాడు.

“కకా, బనే లిఖే హవ్?” అని అడిగాడు. బాగా రాశానా అని.

మావ తుడిచేస్తాడనుకున్నాను. బోర్డు దగ్గరికంటా వెళ్లి చూశాడు. కళ్లు నిండిపోయాయి.

“బాగున్నాది. అలగే ఉండనీ,” అన్నాడు.  “రేపు నాలుగ్గంటలకి గ్రవుండుకి రా. ఆఫ్‌సైడ్ అంతే ఏటో సెప్తాను.”

నాకు తెలిసి పోలయ్య మావ అప్పటిదాకా బంతిని కాలితో తాకి ఎరగడు. మర్నాడు నాలుగింటికి పంచె ఎగ్గట్టుకుని, చెప్పులు గట్టు మీద విడిచిపెట్టి, మైదానంలో సుఖ్‌రామ్ కోసం నిలబడి ఉన్నాడు.