వడగట్టని చెంబెడు నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంటికొచ్చినవాళ్ళు నీళ్ళు తాగకుండా వెళ్ళిపోతే మా అవ్వ వారం రోజులు వాళ్ళను తిట్టుకునేది. పలమనేరుకు నాలుగు మైళ్ళ అవతల మా ఊరు. వచ్చినవాళ్ళ చేతికి చెంబెడు నీళ్ళివ్వడం, వాళ్ళు గటగటా తాగి చెంబు తిరిగివ్వడం మా ఇంటి మర్యాద. ఆ చెంబు దగ్గర బాగా చదువుకున్న మనిషి ఒకాయన ఎందుకలా చేశారో, డెబ్బయ్యేళ్ళు దగ్గర పడుతున్నా నాకు తెలిసి రావడం లేదు. తెలిసినంత వరకు చెబుతాను.

ఆ వేసవికి నాకు తొమ్మిదేళ్ళు. ఎడమ కాలి మడమ పైన పొక్కు లేచి, పగిలి, అందులోంచి తెల్లటి దారం కొసలాంటిది తొంగిచూసింది. నారికురుపు అంటారు. మా ఊళ్ళో ఏటా ఎవరో ఒకరికి వచ్చేదే కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. ఆ దారం ఒక పురుగు. దాని కొసను చీపురుపుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగాలి, తెగితే కాలంతా పుండైపోతుంది. మంట మాత్రం, అబ్బా, పగవాళ్ళకు కూడా వద్దు! ఆ మంటకు మాకు తెలిసిన మందు ఒకటే. దిగుడుబావి మెట్ల మీద కూర్చుని కాలు నీళ్ళలో పెట్టుకోవాలి. అవ్వే నన్ను వీపున మోసుకెళ్ళి కూర్చోబెట్టేది. కాలు నీళ్ళలో పడగానే ప్రాణం లేచొచ్చేది. పక్కనే ఆడవాళ్ళు తాగే నీళ్ళకు బిందెలు ముంచుకునేవాళ్ళు.

అలా కూర్చున్న ఒక ఆదివారం పొద్దున తిరుపతి అయ్యవారు వచ్చారు. ఆయన అక్కడి కాలేజీలో జీవశాస్త్రం ప్రొఫెసరు. ఆదివారమొస్తే తువ్వాలు చుట్టిన మైక్రోస్కోపును ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి, మా వంటి ఊళ్ళకు వచ్చేవారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ పంపలేదు. ఓట్లకు నిలబడతాడేమో అని మా నాయన అనుమానం. ఇంట్లో పోరు పడలేక వస్తున్నాడని అంగడి దగ్గర నవ్వుకునేవాళ్ళు.

ఆయన నన్ను కసురుకోలేదు. గబగబా మెట్లు దిగి, నన్నెత్తుకుని పైకి తెచ్చి, బావికి దూరంగా చింతచెట్టు కింద కూర్చోబెట్టి, బిందెతో నీళ్ళు తెచ్చి తానే నా కాలి మీద పోయసాగారు. చల్లగానే ఉంది. కానీ నాకు తల కొట్టేసినట్టయింది. ఊరందరూ దిగే బావిలో నా కాలు మాత్రం ఎందుకు దిగకూడదు? అంత పాడుదా నా కాలు? అంత పాడుదైతే ఈయన చేత్తో పట్టుకుని ఎందుకు కడుగుతున్నట్టు?

ఆ మధ్యాహ్నం ఆయన అందరికీ మైక్రోస్కోపులో బావి నీటి చుక్క చూపించారు. చుక్కలో ఏవో గెంతుతున్నాయి. కురుపు కాలు నీళ్ళలో పెడితే దారం పురుగు పిల్లల్ని వదులుతుందట, ఆ పిల్లల్ని ఈ గెంతేవి మింగుతాయట, వీటిని మనం తాగుతామట, ఏడాదికి మన కాలిలోంచి మళ్ళీ దారం బయటికొస్తుందట. నీళ్ళను గుడ్డతో వడగట్టుకుంటే చాలన్నారు. నాకు సగమే తలకెక్కింది. మా అవ్వకు అది కూడా ఎక్కలేదు.

ఎక్కకపోగా సాయంత్రం పెద్ద గొడవైంది. మా ఇంటికొచ్చిన అయ్యవారు, అవ్వ ఇచ్చిన చెంబును అందుకుని, జేబులోంచి గుడ్డ తీసి మడతపెట్టి, గ్లాసులోకి వడగట్టుకున్నారు. అవ్వ ముఖం మాడిపోయింది.

"మా ఇంటి నీళ్ళు వడగట్టి తాగతావా? మా తాతల కాడ్నించి ఇవే తాగతా ఉండాము, అందరం సచ్చినామా?" అని చెంబు లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

మా వీధికి అవ్వ మాటే మాట. గుడ్డ పట్టుకుంటే ఆమెకు కోపమని ఒక్క ఇంట్లోనూ ఎవరూ వడగట్టలేదు. నేనేం చేశానో కూడా చెప్పాలి. ఆ వారమంతా మిట్టమధ్యాహ్నాలు, బావి దగ్గర ఎవరూ లేని వేళ చూసి, కుంటుకుంటూ వెళ్ళి కాలు నీళ్ళలో పెట్టుకున్నాను. అయ్యవారు వద్దన్నారని తెలుసు. మంటకు ఆగలేకపోయాను.

తర్వాత రెండు ఆదివారాలు అవ్వ ఆయన వంక చూడలేదు. మూడో వారం ఆయనే మా వాకిట్లోకొచ్చి నిలబడ్డారు.

"అవ్వా, దప్పిగా ఉండాది. నీళ్ళియ్యి."

అవ్వ చెంబు తెచ్చి ఆయన జేబు వంకే చూస్తూ నిలబడింది. "గుడ్డ తియ్యవా?"

"నువ్విచ్చినట్టే తాగుతా. రేపట్నించి నేను చెప్పినట్టు నువ్వు తాగు."

చెంబును రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, చుక్క మిగల్చకుండా తాగారు. అవ్వ ఖాళీ చెంబును అందుకుని అందులోకి తొంగిచూసింది. తర్వాత చెయ్యి చాపి, "ఇట్టియ్యబ్బా ఆ గుడ్డ" అంది. మర్నాటి నుంచి మా వీధిలో, నెల తిరిగేసరికి ఊరంతా, ప్రతి బిందె మూతికీ నాలుగు మడతల గుడ్డ ఉంది.

మళ్ళీ వేసవి వచ్చింది. ముందటేడు తాగిన నీళ్ళకు ఊళ్ళో ఐదారుగురికి కురుపులు లేచాయి. ఒక ఆదివారం అయ్యవారు బస్సు దిగి కుంటుకుంటూ వచ్చారు. కుడి కాలికి కట్టు. కట్టు లోపల చీపురుపుల్ల.

అవ్వ అక్కడే కూలబడింది. "అయ్యో, నా చేతులారా ఇస్తినే నాయనా" అని నెత్తి కొట్టుకుని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఆయన్ను బావికి దూరంగా చింతచెట్టు కింద కూర్చోబెట్టి, బిందెతో ఆయన కాలి మీద నీళ్ళు పోసింది. నేను పక్కనే నిలబడి అంతా చూస్తున్నాను. అవ్వ రెండో బిందెకు వెళ్ళినప్పుడు దగ్గరికెళ్ళి అడిగాను.

"అయ్యోరా, ఇది నా కాల్లో పురుగు పిల్లేనా? నువ్వొద్దన్నాక గూడా నేను బాయిలో కాలు పెట్టినాను."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. "కాదమ్మణ్ణీ. ఇది యాడో వేరే ఊళ్ళో తాగిన నీళ్ళది. నీకూ దీనికీ ఏం సంబంధం లేదు పో" అన్నారు. నేను ఎగురుకుంటూ ఇంటికెళ్ళి రెండు ముద్దలు ఎక్కువ సంగటి తిన్నాను.

ఆ తర్వాతి వేసవికి మా ఊళ్ళో ఒక్కరికీ నారికురుపు రాలేదు. అయ్యవారు ఇంకో ఊరు చూసుకున్నారు. ఆయన పోయారని తెలిసి నేను తిరుపతి వెళ్ళేనాటికి నాకు పెళ్ళై పిల్లలు కూడా పుట్టారు. ఏ ఊరి నుంచి వచ్చానో చెప్పగానే ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. ఆయన ఎన్ని ఊళ్ళు తిరిగినా గుడ్డ లేకుండా గుక్కెడు నీళ్ళు తాగలేదట. మా ఊళ్ళో ఒక అవ్వ దగ్గర, ఒక్కసారి తప్ప.

అప్పటి నుంచి నాకు అయోమయమే. ఆ చెంబులో ఏముందో మా అందరికంటే ఆయనకే బాగా తెలుసు కదా, ఎలా తాగారు? మొండి ముసలిదాన్ని దారికి తేవడానికి ఇంకో ఉపాయమే తోచలేదా? కళ్ళకు కనపడనిది కూడా మైక్రోస్కోపులో పెట్టి నిజం చూపించే మనిషి, తొమ్మిదేళ్ళ పిల్లకు అంత అబద్ధం ఎలా చెప్పగలిగారు? మా అబ్బాయినడిగితే పిచ్చిపని అంటాడు. కోడలు దేవుడంటుంది. నాకైతే రెండూ కాదనిపిస్తుంది, మరేమిటో చెప్పడం చేతకాదు.

ఇప్పుడు మా ఇంటికి క్యానుల్లో నీళ్ళొస్తాయి. వాటిని కూడా నేను నాలుగు మడతల గుడ్డతో వడగడతాను. మనవరాలు నవ్వుతుంది, నవ్వనీ. మొన్న నా మడమ మీది మచ్చ చూసి, ఇదేంటి జేజీ అని అడిగింది. చెప్పాను. చెబుతూ చెబుతూ, ఇన్నేళ్ళూ ఆయనతో అనాలనుకున్న మాట ఆ పిల్ల ముందు పైకే అనేశాను.

నాదే అయ్యోరా, అది నాదే.