లేచి కూర్చోకూడని మనిషి

2021 మే నెల. జర్మనీ పశ్చిమాన ఒక అంతరిక్ష వైద్య పరిశోధనా కేంద్రంలో నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. నెలల తరబడి అంతరిక్షంలో ఉండే వ్యోమగాముల శరీరానికి తన బరువు తెలియదు. మోయాల్సిందేమీ లేక కండరాలు తగ్గుతాయి, ఎముకలు పలచబడతాయి, రక్తం తలవైపు చేరుతుంది. దీన్ని భూమి మీద పరీక్షించడానికి చేసేదే బెడ్ రెస్ట్ స్టడీ. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లను, తలవైపు కాస్త కిందికి వాలిన మంచం మీద వారాలపాటు పడుకోబెడతాం. తిండి, స్నానం, అన్నీ పడుకునే. ఒక భుజం ఎప్పుడూ పరుపును తాకి ఉండాలి. కొందరికి ఆ స్థితిలోనే వ్యాయామం చేయించి, అది శరీరాన్ని ఎంతవరకు కాపాడుతుందో చూస్తాం. ఆ వ్యాయామం నా పని.

ఆ విడతలో శ్రావణ్ అనే ఖమ్మం కుర్రాడు ఉన్నాడు. జర్మనీలోనే ఆకెన్ నగరంలో మాస్టర్స్ చదువుతున్నాడు. అతన్ని పెంచింది అక్క సరళ. ఆమె రోజూ వీడియో కాల్ చేసేది. ఒకరోజు నేను గదిలోకి వెళ్లేసరికి అతని ముఖం బాగోలేదు.

"మేడం, ఒక్క నిమిషం లేచి కూర్చుంటా. అంతే."

"లేస్తే స్టడీ నుంచి బయటికే శ్రావణ్. ఇన్ని వారాల శ్రమ పోతుంది. ఏమైంది?"

"మా అక్క నమ్ముతలేదు. నాకు కరోనా వచ్చిందంట, దాస్తున్ననంట. నిన్నటి నుంచి అన్నం ముట్టలే. నేను కూర్చొని చూపిస్తేనే తింటదంట."

సరళను తప్పు పట్టలేకపోయాను. ఎప్పుడు చూసినా తమ్ముడు పడుకునే ఉంటున్నాడు. రక్తం తలవైపు చేరి ముఖం ఉబ్బింది. వెనక తిరిగే మేమంతా గౌన్లు, మాస్కులు వేసుకుని ఉన్నాం. ఆ నెలలో ఆ దృశ్యానికి ఒక్కటే అర్థం ఉండేది.

అంతకు ముందు నెలలోనే విజయవాడలో నా తమ్ముడు కరోనాతో పోయాడు. "నిద్రపోతున్నాడు, లేచాక మాట్లాడుదువులే" అని ఇంట్లోవాళ్లు ఫోన్లో చెప్పారు. పోయిన తర్వాత కూడా అదే చెప్పారు. నేను నమ్మాను. అలా నమ్మిన నాకు, నమ్మనంటున్న ఈమెకు ఏం చెప్పాలో తెలియలేదు.

స్టడీ కోఆర్డినేటర్ వేబర్ మేడంను అడిగాను. శ్రావణ్ మంచం మీద పడుకునే సైకిల్ తొక్కే సమయంలో అక్కకు చూపిస్తానన్నాను. ఊపిరి అందని మనిషి సైకిల్ తొక్కలేడు కదా అనుకున్నాను. "వ్యాయామం ఆగకూడదు. ఫోన్ నువ్వే పట్టుకో" అందామె.

ముందు సరళకు విషయమంతా వివరించాను.

"అంతరిక్షమా? మా ఇంట్ల ఎవరన్న రాకెట్ ఎక్కినోళ్లు ఉన్నరా అమ్మా? పొద్దుగూకులు పండుకునుడు గూడ ఒక పనేనా?"

"మీరే చూడండి" అని ఫోన్ అతనివైపు తిప్పాను.

ఆ రోజు శ్వాస కొలిచే రోజు. శ్రావణ్ ముక్కూ నోరూ కప్పుతూ మాస్కు బిగించి ఉంది. దాని నుంచి ఒక గొట్టం యంత్రంలోకి పోతోంది. నాకు అది రోజూ చూసే వస్తువు. కాళ్లు కనిపిస్తే చాలనుకున్నాను గానీ ముఖం మీద ఏముందో ఆలోచించలేదు.

"అయ్యో, ఆక్సిజన్ పెట్టిన్రు! వానికి ఆక్సిజన్ పెట్టిన్రు!"

మాస్కులోంచి శ్రావణ్ మాట బయటికి రాలేదు. చేతులు ఊపాడు. అది ఇంకా భయంగా కనిపించి ఉంటుంది. కాళ్లు ఆపకుండానే మోచేయి ఆనించి భుజం పైకి లేపబోయాడు. నేను చెయ్యి వేసి ఆపాను. అనుకోని మాట నోట్లోంచి వచ్చింది.

"సరళ గారూ, అది ఆక్సిజన్ కాదు. అతను వదిలే గాలిని కొలిచే మాస్కు. ఆక్సిజన్ పెట్టింది నా తమ్ముడికి. నాకు చూపించలేదు. చనిపోయాక కూడా నిద్రపోతున్నాడనే చెప్పారు. మీకు నేను అలా చెప్పను."

అటువైపు ఏడుపు ఆగింది. పెడళ్ల చప్పుడు మాత్రం వినిపించింది.

"ఎప్పుడు?" అంది.

"పోయిన నెల."

"పొయ్యొచ్చినవా?"

"లేదమ్మా. వెళ్లడానికి కుదరలేదు."

"మరి పనికెట్ల వస్తున్నవు తల్లీ?"

నేను శ్రావణ్ భుజం మీది చెయ్యి తీయలేదు. ఆమే మళ్లీ అంది, "ఫోన్ వాని చెవి కాడ పెట్టు."

పెట్టాను.

"ఒరే, ఆమె చెప్పినట్టు ఇను. లెవ్వకు. ఆ మూతికి కట్టింది తీసినంక ఫోన్ చెయ్యి. నేను తిని కూసుంట."

శ్రావణ్ స్టడీ పూర్తి చేశాడు. అప్పటి నుంచి నేను వాలంటీర్ల ఇంటివాళ్లకు ముందే ఫోన్ చేసి ఖాళీ మంచం, మాస్కు, గొట్టం చూపిస్తున్నాను. మంచం మీద మనిషి చేరకముందే ఇంటివాళ్లు వాటిని చూడాలని ఆ రోజే తెలిసింది.

మిగతాది నాకు తెలియదు. ఆమె అతని కాళ్లను నమ్మిందో, నా మాటను నమ్మిందో చెప్పలేను. ఒక స్టడీని కాపాడుకోవడానికి నా తమ్ముడి చావును వాడుకున్నానేమో అని కొన్నిసార్లు అనిపిస్తుంది. కాదని కొన్నిసార్లు అనిపిస్తుంది. వాడు పోయాడని నేను తెలుగులో నోరు తెరిచి చెప్పడం అదే మొదటిసారి. అదీ డ్యూటీలో, ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో పరాయి కుర్రాడి భుజం పట్టుకుని.