మాట లేని పదిహేను రోజులు

తొంభైల మధ్యలో గుడివాడ బస్టాండులో మైకు ముందు కూర్చునేవాడిని. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎప్పుడు బయల్దేరుతుందో చెప్పడం నా ఉద్యోగం. బందరు, కైకలూరు, విజయవాడ, భీమవరం. పొద్దున ఆరింటికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండింటి దాకా ఊపిరి సలిపేది కాదు.

మాది దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లె. మా నాన్న అక్కడి చర్చి సంఘంలో పెద్ద. తెల్లారకముందే చాప మీద మోకరించి, గట్టిగా ప్రార్థన చేసేవారు. చేలోకి ఎక్కిన ఉప్పునీరు, జ్వరంతో పడుకున్న పక్కింటావిడ, అన్నీ అందులోకి వచ్చేవి. గుడివాడలో కాపురం పెట్టాక నేనూ అలాగే చేస్తూ వచ్చాను. చేస్తున్నాననే అనుకున్నాను.

ఒక సాయంత్రం ప్రార్థన ముగించి లేచేసరికి నా భార్య నవ్వు ఆపుకుంటోంది.

"ఏమైంది?"

"ఏం లేదండీ. దేవుడికి బస్సు టైములు చెప్తున్నట్టుంది."

కోపం వచ్చింది. మర్నాడు ప్రార్థన చేస్తూ నా గొంతు నేనే విన్నాను. ఆమె అన్నది నిజం. అదే తొందర, వాక్యం చివర అదే సాగదీత. ఏ మాట తర్వాత ఏ మాట రావాలో పెదవులకు తెలుసు, నాతో పని లేదు. ఎన్నేళ్లుగా అలా జరుగుతోందో చెప్పలేను.

ఆ ఎండాకాలమే గొంతు పోయింది. డాక్టరుగారు లోపల అద్దం పెట్టి చూసి, "బాగా వాచిందండీ. పదిహేను రోజులు మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దు" అన్నారు.

ఆఫీసులో నన్ను ప్లాట్‌ఫారం మీద బల్ల దగ్గరికి మార్చారు. వచ్చే బస్సుల వేళలు రాసుకోవాలి, అంతే. ఇంట్లో మోకరించాను గాని, మాటల్లేకుండా ఏం చేయాలో తెలియలేదు. మనసులో అనుకోబోతే అక్కడా మైకే మోగింది. లేచిపోయాను.

నాలుగో రోజు ఒక ముసలావిడ బల్ల దగ్గరికి వచ్చింది.

"అవనిగడ్డ బస్సు ఎప్పుడొచ్చుద్ది బాబూ?"

గొంతు చూపించి, ఇంకా అరగంట ఉందని చేతులతో సైగ చేశాను.

"అయ్యో, మాట రాదా నాయనా? పుట్టుకతోనేనా?"

కాదని తల ఊపాను. ఆమెకు అర్థం కాలేదు. సంచి కింద పెట్టి, చెప్పులు విడిచి, తూర్పుకు తిరిగి చేతులు జోడించింది. చుట్టూ హారన్లు, జామకాయలమ్మేవాళ్ల కేకలు. ఆమె పెదవులు కదల్లేదు. ఒక నిమిషం అయి ఉంటుంది.

"వెంకన్నకి చెప్పాను. ఆయన చూసుకుంటాడు" అని చెప్పులు వేసుకుంది.

నాకు సిగ్గేసింది. ఆమెకు నా పేరు తెలియదు, నా మతం తెలియదు, నా జబ్బు కూడా తప్పుగానే అర్థమైంది. అయినా ఆ ఒక్క నిమిషం ఆమె పూర్తిగా నాకోసమే నిలబడింది. నేను ఎవరికోసమైనా అలా నిలబడి ఎంతకాలమైందో గుర్తు రాలేదు. బస్సు వచ్చాక సంచి మోసుకెళ్లి, కిటికీ పక్కన కూర్చోబెట్టి వచ్చాను.

ఆ రోజు నుంచి బస్సుకీ బస్సుకీ మధ్య కలం పక్కన పెట్టి ఊరికే కూర్చోవడం మొదలుపెట్టాను. ఏమీ అడగలేదు. కొన్నిసార్లు నిద్ర వచ్చేది. కొన్నిసార్లు రేషను బియ్యం గురించి ఆలోచన వచ్చేది. ఎప్పుడో ఒకసారి మాత్రం నా ఎదురుగా ఎవరో ఉన్నారని తెలిసేది.

మూడో వారంలో గొంతు వచ్చింది, కొంచెం బొంగురుగా. మళ్లీ మైకు దగ్గరికే పంపారు. అయితే రోజూ ఇరవై నిమిషాలు ముందే వెళ్లి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చునేవాడిని. భీమవరం బస్సు డ్రైవరు ఒకాయన అడిగాడు.

"ఏంటి బావా, ఇంట్లో నిద్ర చాలట్లేదా?"

"ప్రార్థన చేసుకుంటున్నాను."

"ఈ గోలలోనా? కుదురుద్దా?"

"అన్ని రోజులూ కుదరదు."

"సరే, కానీ" అని టీకి వెళ్లిపోయాడు.

ఇంకో నాలుగేళ్లు అక్కడే పనిచేశాను. తర్వాత బందరుకు బదిలీ అయింది. అక్కడ ఖాళీ బెంచీ దొరికేది కాదు. పార్సిల్ ఆఫీసు మెట్ల మీద కూర్చునేవాడిని.